పాత హార్డ్ డిస్క్‌లోని ప్రార్థనలు

తమ్ముడూ,

నన్నొక్క మాట అడగకుండా నా లాప్‌టాప్ షాపుకి ఇచ్చేయడానికి నీకు చేతులెలా వచ్చాయి? దానికి బదులు కొత్తది తెచ్చి నా బల్ల మీద పెట్టావు, నీ ప్రేమకు స్తోత్రం. కానీ మూత తెరిచి నా ఫైళ్ల కోసం వెతికాను. లోపలంతా ఖాళీ!

"హార్డ్ డిస్క్ ఒక్కటి మారిస్తే చాలు బ్రదర్, మిగతాదంతా రాయిలా ఉంది" అని పోయిన నెల మెకానిక్ మనిద్దరి ముందే అన్నాడు. నువ్వేమో "పాత తిత్తిలో కొత్త ద్రాక్షారసం పోస్తావా అన్నయ్యా?" అని నాకే బైబిలు వాక్యం వినిపించావు. అది లాప్‌టాప్‌ల గురించి చెప్పిన మాట కాదురా!

పదేళ్లుగా సంఘంలోనివాళ్లు, పాస్టరునని నమ్మి, నా చెవిలో ఏడ్చి చెప్పుకున్నవన్నీ, ప్రార్థనలో మరిచిపోకూడదని, పేర్లతో సహా అందులో టైపు చేసుకున్నాను. పాస్‌వర్డ్ కూడా పెట్టలేదు. మందను తోడేళ్లకి అప్పగించినవాణ్ణి నేనే.

నువ్వు ఫోను ఎత్తడం లేదని ఈ ఉత్తరం మీ పక్కింటి దర్జీతో పంపుతున్నాను. ఆ డిస్క్‌లోని ప్రార్థనల్లో మొదటి పేజీ నాది, నా తప్పే. అమ్మ పోయేముందు నిన్ను పిలవమంది. పంతానికి పోయి నేను కబురు పెట్టలేదు. అది పరాయివాడి నోట వినకముందే నా చేతిరాతలో చదువు.

నన్ను తరవాత తిట్టుకో. ముందు లే, షాపు మూసేలోపు పరిగెత్తు, ఆ డిస్క్ ఈరోజే పట్టుకురా!

మీ అన్నయ్య