ఆవిరి గదిలో చూసిన మచ్చలు

చెల్లెలు హిల్మాకు,

నువ్వు పంపిన రై రొట్టె అందింది. గొడ్డలికి లొంగింది, అదే అమ్మ చేతి రొట్టె అయితే గొడ్డలే విరిగేది. సరే, అసలు సంగతికి వస్తాను. నీ కొడుకు ఆర్వోను ఈ కలప క్యాంపుకు పంపకు.

భుజాన మశూచి టీకా మచ్చ లేనివాణ్ణి ఇక్కడ పనిలోకి తీసుకోరు. టీకా వేయించుకుంటే చెయ్యి వాచి రంపం పట్టలేమని మనవాళ్ళు యాసిడ్ చుక్కతో భుజం కాల్చుకుని దొంగ మచ్చతో వస్తున్నారు. ఆర్వో కూడా అదే చేశాడని గొప్పగా రాశావు. శనివారం ఆవిరి స్నానంలో అందరి భుజాలూ చూశాను. అసలు మచ్చ నీకున్నట్టు సన్నటి గుంటలతో ఉంటుంది. వీళ్ళవి నున్నగా మెరుస్తున్నాయి.

ఆ రోజే మాతో పనిచేసే కుర్రాడు తౌనో జ్వరంతో, నడుం నొప్పితో మూలిగాడు. "ఆవిరి పడితే అన్నీ పోతాయి, రారా!" అంటూ అందరూ వాణ్ణి మధ్యలో కూచోబెట్టుకుని ఆవిరి స్నానంలో అలవాటు ప్రకారం బర్చ్ చెట్టు రెమ్మలతో ఒళ్ళంతా బాదారు. ఇవాళ వాడి నుదుటి మీద పొక్కులు లేచాయి.

"తాతా, నా మొహం నీ మొహంలా అయిపోతుందా?" అన్నాడు.

"అంత అందం నీకెక్కడిదిరా, జావ తాగు" అన్నాను.

మశూచి నన్ను చిన్నప్పుడే నమిలి ఉమ్మేసింది గనక వాడి పక్కన కూచోగలిగింది నేనొక్కణ్ణే. బయట మిగతావాళ్ళు నవ్వుకుంటూ వచ్చే శనివారం ఆవిరికి కట్టెలు కొడుతున్నారు. చెబితే వినరు.

ఈ మాట మొదటే రాయాల్సింది. అంటు పోవాలని కాగితాన్ని పొగలో పట్టాను, అయినా ఆర్వోను ముట్టుకోనివ్వకు. నువ్వే చదివి పొయ్యిలో వేసి, వాణ్ణి టీకా డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళు.

మీ అన్న