ఆవ మొక్కలు మేసిన ఆవు

అక్కా, నా రాత కోడి కెలికినట్టుంటాది, తప్పులుంటే సర్దుకుని చదువు. ఫోన్లో చెప్తే ఇంట్లో అందరూ వింటారని కార్డు రాస్తున్నాను.

నేను బాగున్నాను. పెరట్లో అత్తమ్మ క్యాబేజీ నాటి, మడి చుట్టూ ఆవాలు చల్లింది. ఆవ మొక్కలకి పురుగు పట్టిందని, సాయం చేద్దామని, నేను అన్నీ పీకి దిబ్బ మీద పడేశాను. పురుగులు క్యాబేజీని వదిలి వాటిని తినాలనే వేస్తారంట! మన ఇసక నేలలో పుట్టినదాన్ని, నాకేం తెలుసు? వారం తిరక్కుండా పురుగులన్నీ క్యాబేజీ మీదకొచ్చేశాయి. అత్తమ్మ అడిగితే, నన్ను కాయడానికి మీ మరిది, ఆవు మేసిందని చెప్పేశారు. ఆవిడ నాకేసి చూసి, "మంచి ఆవే, ఏర్లు కూడా ఒగ్గకుండా మేసేసింది. మళ్లీ సల్లుతన్నాను, దానికి సెప్పమ్మా" అంది. ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఇద్దరం కూర్చుని ఆకులు తిరగేసి పురుగులు ఏరుతున్నాం.

రొయ్యపిల్లలు పట్టే సన్నకన్ను వల, నాన్నది పాతదుంటే పంపు. మడి మీద కప్పితే మిగిలినవైనా దక్కుతాయి. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బాబీ బడికెళ్తున్నాడా? అందరికీ నా దండాలు.

చదివాక ఈ కార్డు పొయ్యిలో పెట్టేయ్. ఆ ఆవు నేనేనని బావకి తెలిస్తే జన్మంతా ఏడిపిస్తాడు.

నీ చెల్లి,
నూకరత్నం