జనగామలో ప్రత్యేక తరగతి

జనగామ,
4 ఫిబ్రవరి 2011

పెదనాయినకు నమస్కారాలు.

నేను క్షేమం. పెద్దమ్మ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఫోన్ చేద్దామంటే, "ఫోన్ల చెప్తే నేనొక్కన్నే వింట, ఉత్తరమైతే హోటల్ల అందరికి సదివి వినిపిస్త" అంటావు కదా, అందుకే రాస్తున్నాను.

సోమవారం నుంచి నా టీచర్ ట్రైనింగ్ ప్రాక్టీసు మొదలైంది. ఇక్కడి బడిలో ప్రత్యేక తరగతిని నాకు అప్పగించారు. పిల్లలు పదిమంది, చుట్టుపక్కల పల్లెలు, తండాల నుంచి వస్తారు. ఒక్కరూ నోరు విప్పరు. పాఠమంతా సైగలతోనే. మొదటి రోజు "కూర్చోండి" అనబోయి "కోడి" అన్నానట. లింగాల ఘనపూర్ దగ్గరి తండా నుంచి వచ్చే నీలి అనే పిల్ల లేచి, రెక్కలు ఆడించి మరీ చూపించింది.

హెడ్మాస్టరుగారికి మా తరగతి అంటే చిన్నచూపు. మేం ఎంత మొత్తుకున్నా పైవాళ్లకు వినపడదు.

నీ బిడ్డ,
మనోరమ

తా.క.: నిన్న "రేపు పరీక్ష" అనబోయి "రేపు పెళ్లి" అన్నాను. పదిమందీ కొత్తబట్టలు వేసుకుని వచ్చారు.

*

నెల్లికుదురు,
9 ఫిబ్రవరి

బిడ్డ మనోరమకు పెదనాయిన దీవెనలు.

నీ ఉత్తరం హోటల్ల నిలబడి సదివిన. "ప్రత్యేక తరగతి" అన్న మాట కాడికి రాంగనే అందరు లేచి చప్పట్లు కొట్టిండ్రు. మేమిక్కడ ప్రత్యేక రాష్ట్రం కావాలని రోడ్డు మీద వంటలు చేసుకుంట కొట్లాడుతుంటే, నువ్వు బడిల పిల్లలకే గదే నేర్పుతున్నవ్! ఇంజినీరింగ్ సదువుమంటే వినకపోతివని మీ నాయిన ఇన్నొద్దులు మొఖం మాడ్సుకొని తిరిగిండు. ఇప్పుడు మీసం దువ్వుతున్నడు.

పోలీసుల కండ్లు పడకుంట అంత సైగలతోనే నడిపిస్తున్నవ్ సూడు, గది నాకు శానా నచ్చింది. పిల్లలు నోరు విప్పకపోవుడు ఇంక గొప్ప. ఈడ బుచ్చవ్వయితే పోలీసులు అడగకముందే అందరి పేర్లు చెప్పింది.

పైవాళ్లకు వినపడుతలేదని రాసినవ్. ఎట్ల వినపడదో నేను సూస్త. జర ఓపిక పట్టు.

నీ వెనుక నిలబడ్డ పెదనాయిన,
మధుకర్

తా.క.: "పెళ్లి" అంటే మీ సైగలల్ల ధర్నా అనే కద అర్థం? మావోళ్లకు అట్లనే చెప్పిన. నిన్న సర్పంచ్ ఇంట్ల నిజం పెండ్లి ఉంటే సగం ఊరు జెండాలు పట్టుకొని పోయింది.

*

జనగామ,
16 ఫిబ్రవరి

పెదనాయినకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి తలపట్టుకున్నాను. ఇది ప్రత్యేక రాష్ట్రం తరగతి కాదు. మా పిల్లలకు చెవులు వినపడవు, అందుకే సైగలు. అలాంటి పిల్లలకు పాఠం చెప్పడమే నా చదువు. ఈ ముక్క కూడా హోటల్లో చదివి వినిపించు.

ఇక్కడ నా తిప్పలు వేరే ఉన్నాయి. నెలాఖరున బడి వార్షికోత్సవం. నా ప్రాక్టీసుకు మార్కులు వేసే మేడమ్ ఆరోజే వస్తారు. మేమూ ఆడతామని మా పిల్లలు ఒకటే గోల. హెడ్మాస్టరుగారేమో, "పాట వినపడని పిల్లలు ఏం ఆడుతరమ్మా? ముందు వరుసల కూసుండి సూడమను" అని పేర్లు రాసుకోనేలేదు.

నిన్న నీలి వాళ్ల నాన్న దేవ్యా వచ్చాడు. "భూపాలపల్లి దిక్కు కట్టడం పనికి పోతున్నం మేడం. పిల్లను తీస్కపోత. ఇటికెలన్న అందిస్తది. ఈడుండి ఏం నేర్సుకుంటది?" అన్నాడు. నీలికి ఆ మాట వినపడలేదు గానీ తండ్రి మొహం చూసి అర్థం చేసుకుంది. ఎవరూ ఎత్తుకుపోకుండా బడిసంచిని కింద పెట్టి దానిమీద కూర్చుంది. వార్షికోత్సవం దాకా ఆగమని దేవ్యాను బతిమాలాను. ఆ తర్వాత ఏం చెప్పాలో నాకూ తెలియదు.

నీ బిడ్డ,
మనోరమ

తా.క.: ఉత్తరం మడుస్తుంటే గేటు దగ్గర ట్రాలీ ఆగింది. డప్పులు దిగుతున్నాయి. పెదనాయినా, ఏం చేశావు?

*

(డప్పులతో పాటు వచ్చిన ఉత్తరం)

బిడ్డా,

బందులతోని పోస్టు ఎప్పుడు చేరుతదో తెల్వదు. అందుకని గీ ఉత్తరం బిక్షపతి చేతికిచ్చి, ఆయననే జట్టుతోని పంపుతున్న. మన దిక్కు ఏ సభయినా ఆయన డప్పు లేంది షురు కాదు. ఇంక ఎసుంటి చెవులైనా వినాలె!

నీ మధుకర్ పెదనాయిన

తా.క.: పాలకుర్తిల బిక్షపతి దరువేస్తే, ఉపన్యాసమిచ్చెటాయన మైకు వదిలి ఎగిరిండు. ఆయన నేనే.

*

జనగామ,
28 ఫిబ్రవరి

పెదనాయినా,

కుశల ప్రశ్నలు తర్వాత. ముందు ఇది విను.

డప్పులు చూసి హెడ్మాస్టరుగారు గేటుకు అడ్డం నిలబడ్డారు. "చెవులు వినపడని పిల్లలకు డప్పులేందయ్యా?" అన్నారు. సంగతి తెలిసి బిక్షపతన్న మొహం చిన్నబోయింది. ఇంతదూరం వచ్చినందుకు ఒక్క దరువు వేసి పోతానన్నాడు. వేశాడు. వరండాలో నీలి ఉలిక్కిపడి తన పాదాల వంక చూసుకుంది. నేరుగా వచ్చి డప్పు మీద అరచెయ్యి ఆనించింది. ఇక తియ్యదు! చూస్తుండగానే పదిమందీ చెప్పులు విడిచి ఆయన్ని చుట్టేశారు.

"ఇన్నేండ్ల సంది నా డప్పు విన్నోళ్లను సూసిన గని, గిట్ల పట్టుకొని నవ్వెటోళ్లను ఇయ్యాల్నే సూస్తున్న" అన్నాడు బిక్షపతన్న. జట్టుతో సహా ఇక్కడే తన చెల్లెలింట్లో దిగిపోయి రోజూ నేర్పాడు.

వార్షికోత్సవం నాడు మా పేర్లు ఇంకా ఎక్కలేదు. మిగతా పిల్లలు సినిమా పాటకు ఆడుతుంటే, సగంలో కరెంటు పోయింది. మైకు లేదు, పాట లేదు. ఆడేవాళ్లు చేతులు గాల్లోనే పెట్టుకుని నిలబడిపోయారు. జనం లేవసాగారు. హెడ్మాస్టరుగారు చెమటలు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

"మనోరమమ్మా, నీ పిల్లలకు పాటతోని పని లేదు గద. జర ఎక్కియ్యమ్మా!"

బిక్షపతన్న జట్టు స్టేజీ బల్లలకు డప్పులు ఆనించి మోగించింది. దరువు బల్లల్లోంచి పిల్లల వట్టి పాదాల్లోకి పాకింది. ముందు నీలి, వెనుక తొమ్మిదిమంది. ఒక్క అడుగు తప్పితే ఒట్టు! లేచిన జనం వెనక్కి వచ్చి నిలబడ్డారు. హెడ్మాస్టరుగారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. నీలి ఆయన వంక చూసి, అలా కాదని తల ఊపి, రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడించింది. మాకు చప్పట్లంటే అదే. ఆయన ఎత్తారు. తర్వాత మైదానమంతా ఎత్తింది. మార్కుల మేడమ్ చేతులెత్తిన జోరుకు ఆమె పెన్ను ఎక్కడో పడింది. నా మార్కులు నా పెన్నుతోనే వేశారు. అందరికంటే ఎక్కువ నాకే.

నీలి తల్లి మోతీబాయి నవ్వుతూ ఏడుస్తోంది. నీలి తండ్రిని లాక్కొచ్చి ఆయన అరచేతిని డప్పుకు ఆనించింది. దేవ్యా చెయ్యి తియ్యకుండానే నా వైపు తిరిగాడు.

"మేం పోతం మేడం. పిల్ల మా అవ్వ కాడ ఉండి బడికొస్తది. గని నాకొక్కటి నేర్పు. 'మల్ల వస్త' అని దీనికెట్ల చెప్పాలె?"

నేర్పాను. ఈసారి మాత్రం ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని నేర్పాను.

సంతోషంతో,
మనోరమ

తా.క.: అటుగా వెళ్తున్న కానిస్టేబుల్ అంతమంది చేతులెత్తడం చూసి, "గిదేం కొత్త ఉద్యమం?" అని కంగారుగా అడిగాడు. చప్పట్లు సార్ అన్నాను. ఆయన నమ్మలేదు. అయినా చేతులెత్తి పోయాడు.

*

నెల్లికుదురు,
10 మార్చి

మా బంగారు బిడ్డకు,

నీ రెండు ఉత్తరాలు ఒక్కనాడే అందినయి. హోటల్ల ముందు మొదటిది సదివిన. అందరు నా దిక్కు సూసి ఒకటే నవ్వుడు. రెండోది సదివినంక ఎవ్వలు నవ్వలే. కొసకు యాకమ్మ లేచి, "మన మండలంల గసుంటి పిల్లలు లేరా?" అని అడిగింది. ఎందుకు లేరు? ఇంటి మూలల కూసున్నరు, మనమే లెక్కల పెట్టలే.

తెల్లారి ఊరంత కలిసి మండల ఆఫీసు ముంగట కూసున్నం. "ప్రత్యేకం కావాలె!" అని మొదలు పెట్టినమో లేదో, ఆఫీసరు బయటికురికొచ్చి చేతులు జోడించిండు. "నా చేతుల ఏమున్నది మధుకరన్నా? గది ఢిల్లీల తేలాలె!"

"రాష్ట్రం కాద్సార్," అన్న. "ఒక్క గది, ఒక్క టీచరు. ప్రత్యేక తరగతి."

ఆయన మెట్ల మీదనే కూలబడ్డడు. నీళ్లు తాగిండు. "గింతేనా?" అని గది తాళం అప్పుడే ఇచ్చిండు. టీచరు కోసం పైకి రాస్త, పేరు చెప్పుమన్నడు. ఎవరి పేరు చెప్పిన్నో నీకు తెలుసు. జూన్‌ల రా.

ఆగలేక గది నిన్ననే తెరిచినం. బిక్షపతి డప్పు తెచ్చిండు. మొదట వచ్చింది ఎవరనుకున్నవ్? మా పక్కింటి ఓదెమ్మ. ముప్పై ఏండ్ల మనిషి. చెవులు వినపడక పలకకుంటే మనమంత మొద్దుదని అనుకున్నం గాని, ఒక్కపూటల పిల్లలందరిని నవ్విచ్చింది.

నీ కోసం ఎదురుసూసే,
మధుకర్ పెదనాయిన

తా.క.: నేను ప్రారంభోపన్యాసం ఇస్తుంటే, ఓదెమ్మ నా దిక్కు సూపెట్టి, నాలుగు వేళ్లు బొటనవేలికి తాకిచ్చి, విడిచి, మల్ల తాకిచ్చి, బాతు ముక్కు లెక్క ఆగకుంట ఆడిచ్చింది. పిల్లలు పడి పడి నవ్విండ్రు, మీ పెద్దమ్మ గూడ. "నాయకుడు" అని అర్థం కావచ్చని నేను అనుకుంటున్న. అవునో కాదో వెంటనే రాయి.