లెన్సు బాగానే ఉంది

దుమ్ముగూడెం

గణేష్ అన్నకు చెల్లెలు సుజాత దండాలు. వానలు పడ్డాయి, మన మడిలో నాట్లు అయిపోయాయి. అమ్మ బాగుంది. వదిన, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నాన్న ఫిల్ము కెమెరా లెన్సు నా డిజిటల్ కెమెరాకు పడుతుందా అని అడిగావు. పడుతుంది. రెండూ ఒకే కంపెనీవి కాబట్టి తిప్పగానే టక్కున కూర్చుంది. కాకపోతే అందులో మోటారు లేదు. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, వెలుతురు మనమే చూసుకోవాలి. నా లెన్సు గోదావరి ఒడ్డున రాళ్ల మీద పడి పగిలింది. అందుకని పర్ణశాల దగ్గర ఒక పెళ్లికి నాన్నదే తీసుకుపోయాను.

తలంబ్రాల వేళ కెమెరాకు కుడి కన్ను ఆనించి పెళ్లికూతురిని చూశాను. చీర అంచు కనిపిస్తోంది, పందిరి గుంజలు కనిపిస్తున్నాయి. ముఖం ఉండాల్సిన చోట మాత్రం బూడిదరంగు మచ్చ. రింగు ఎంత తిప్పినా పోలేదు. లెన్సుకు బూజు పట్టిందనుకుని అంచనాగా తీశాను. ఒక్క ముఖమూ తేటగా రాలేదు.

పాత లెన్సు కొత్త కెమెరాకు సరిపడలేదని స్టూడియోలో నాతో పనిచేసే పద్మప్రియతో అన్నాను. ఆమె అదే లెన్సుతో నన్ను గుమ్మంలో నిలబెట్టి తీసింది. కనురెప్పల వెంట్రుకలతో సహా అన్నీ తేటగా వచ్చాయి.

"అక్కా, లెన్సు మంచిగనే ఉంది. ఎడమ కంటితోని చూడు" అంది.

చూశాను. ఆమె ముఖం, ముక్కుపుడక, అన్నీ ఉన్నాయి. కుడి కన్ను పెట్టాను. ఆమెకు ముఖం లేదు. కెమెరా బల్ల మీద పెట్టేశాను. ఇన్నాళ్లూ ఫోకస్ కెమెరాయే చూసుకునేది, నేను వెనక తెర మీద రెండు కళ్లతో చూసి తీసేదాన్ని, అందుకే తెలియలేదు.

పెళ్లివారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పెళ్లికూతురు పాపం మళ్లీ ఆ చీర కట్టుకుని కూర్చుంది. ఎడమ కంటితో తీసిచ్చాను.

ఖమ్మంలో కంటి డాక్టరుకు చూపించుకున్నాను. కంటి వెనక పొర నడిమధ్య పాడైందట, పోయిన చూపు రాదట. ఎడమ కన్ను సంగతి అడిగితే ఆవిడ నన్నే ఇంకో ప్రశ్న అడిగింది.

"మీకు తోడబుట్టినోళ్లు ఉన్నరా? ఒకరికి వస్తే ఇంకొకరికి గూడ ఉండొచ్చు" అంది.

అమ్మకు ఏమీ చెప్పలేదు. ఫోన్లో మాట్లాడితే పక్కనే ఉంటుందని ఈ ఉత్తరం.

అన్నా, నా కంటి కంటే నీ కంటికే ఎక్కువ భయపడుతున్నాను. గనిలో డంపర్ తోలుతుంటే ముందు బండి నంబరు చెరిగినట్టు ఉంటోందని, దుమ్మేమోనని రాశావు. మళ్లీ మళ్లీ అదే చదువుతున్నాను. అన్నం సయించడం లేదు. ఒక కన్ను మూసి వదిన ముఖం చూడు. తర్వాత రెండో కన్ను మూసి చూడు. ముఖంలో ఏ కాస్త మాయమైనా ఆ బండి ఎక్కకు. పైవాళ్లు ఏమన్నా అననీ. కింద మనుషులు నడుస్తుంటారు.

ఏం కనిపించిందో ఉత్తరం రాయకు, ఆగలేను. ఫోన్ చెయ్యి. అమ్మ ఎత్తినా సరే, చెప్పెయ్యి.

ఇట్లు,
నీ చెల్లె
సుజాత