స్పాంజి చుట్టిన చెంచా

1983 జనవరి 10, సోమవారం

టీమ్ మీటింగ్ గంటన్నర. బల్ల చుట్టూ ఆరుగురు. ఎముకల డాక్టరు, కాళ్ళకి ఒకరు, చేతులకి ఒకరు, మాటలకి ఒకరు, మనసుకి ఒకరు, మా ఇంటికి ఒకరు. మా ఇంటికి అంటే సోషల్ వర్కర్. మా జోయెల్‌ని వాటాలేసి పంచుకున్నారు. తల్లి వాటాకి ఏం మిగిలిందో ఎవరూ చెప్పలేదు.

చేతుల థెరపిస్టు కేథీ వాడి ముందు యాపిల్‌సాస్ పెట్టింది. పక్కన పిడికి స్పాంజి చుట్టిన చెంచా. ఐదేళ్ళవాడు... చెంచా వంక చూడనైనా లేదు. తల పైకెత్తి, నోరు తెరిచి కూర్చున్నాడు. ఎవరో ఒకరు పెడతారన్న ధీమా. ఆరుగురూ చూశారు.

"ఇంట్లో ఎవరు తినిపిస్తారు, డాక్టర్?"

ప్రాక్టీస్ చేయిస్తున్నామన్నాను. అబద్ధం. తినిపించేది మా అత్తయ్యగారు. మూడు పూటలా, కలిపి, ముద్దలు చేసి, చేత్తో.

మార్చి ఆఖరి రివ్యూకి వాడంతట వాడు పది చెంచాలు తినాలి. లేకపోతే ఈ థెరపీ ప్రోగ్రామ్‌లో వాడి సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇంకో బిడ్డకి. ఎంతో మర్యాదగా చెప్పారు. మత్తు డాక్టర్ని, నేనూ ఆపరేషన్ ముందు పేషెంట్ల వాళ్ళకి అంత మర్యాదగానే చెప్తాను, మత్తులోంచి లేవకపోవచ్చని.

ఈ సీటు కోసమే హెర్న్‌డన్‌లో ఇల్లమ్మి నేపర్‌విల్ వచ్చాం. ఈయన మంచి ఉద్యోగం వదిలి, రోజూ రైలెక్కి షికాగో వెళ్ళి, తనకంటే చిన్నవాడి కింద పనిచేస్తున్నారు. ఈ సీటు పోకూడదు.

జనవరి 11

రూల్స్ ఫ్రిజ్ మీద అంటించాను. పూటకి పదిహేను నిమిషాలు. చెంచా వాడి చేతిలోనే. తినకపోతే ప్లేటు తీసెయ్యాలి. మధ్యలో మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకూడదు. నోరు తెరిస్తే ముఖం తిప్పుకోవాలి.

అత్తయ్యగారికి తెలుగులో చదివి వినిపించాను. ఆఖరిది మళ్ళీ చదవమన్నారు. చదివాను.

జనవరి 12

పొద్దున సున్నా. రాత్రి సున్నా. చార్ట్‌లో రాశాను.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. వీడు అడుగుతున్నాడు గదమ్మాయ్, నోరు తెరిచి మరీ" — అత్తయ్యగారు. ప్లేటు తీసేశాను.

జనవరి 16, ఆదివారం

తెలుగు ఆరాధన, అమెరికన్ల చర్చి బేస్‌మెంట్‌లో. తర్వాత అందరూ తెచ్చిన గిన్నెలు, అందరి భోజనాలు. ప్రతి ఆంటీ చేతిలోనూ జోయెల్ కోసం ఒక ముద్ద. వీల్‌చెయిర్ తోసుకుంటూ వెళ్తుంటే వరసగా నోరు తెరుస్తున్నాడు.

నిలబడి చెప్పాను — దయచేసి ఎవరూ పెట్టకండి, ట్రైనింగ్ ఇస్తున్నాం.

"ట్రైనింగేంటమ్మా, కుక్కపిల్లా వాడు?" ఎవరో నవ్వారు కూడా. వాడు ఏడుస్తుంటే బేస్‌మెంట్ అంతా నా వంక చూసింది. పాస్టర్‌గారు ప్రార్థన చేశారు, ఎప్పటిలాగే వాడి కాళ్ళ కోసం. చేతుల సంగతి ఆయనకింకా ఎవరూ చెప్పినట్టు లేదు.

అత్తయ్యగారు ముప్ఫయ్యేళ్ళు బాపట్ల చుట్టుపక్కల ఊళ్ళన్నీ నడిచిన బైబిల్ ఉమన్. ఎవరి గుమ్మంలో కూర్చున్నా ముందు ఆ ఇంటి పిల్లకి అన్నం కలిపి పెట్టి, ఆ తర్వాతే వాక్యం చెప్పేవారట. ఆవిడకి తెలిసిన థెరపీ అదొక్కటే.

జనవరి 21

మాటల థెరపిస్టు, మాటలు రాని వాడికి బొమ్మల బోర్డు చేసి ఇచ్చింది. వీల్‌చెయిర్ ముందు బల్ల మీద అంటించింది. తొమ్మిది గళ్ళు — గ్లాసు, ప్లేటు, టాయిలెట్, టీవీ, ఔను, కాదు, అమ్మ, నాన్న, నానమ్మ. కావలసిన దాని మీద పిడికిలి పెట్టాలి. నానమ్మది గ్రీన్‌కార్డు కోసం తీయించిన ఫోటో. చెవి కనబడేలా పక్కకి తిరిగి, కోపంగా ఉంటారు.

మొదటి రోజే అర్థమైపోయింది వాడికి. ఆకలేస్తే పిడికిలి ప్లేటు మీదకి పోదు. నానమ్మ మీదకి పోతుంది.

జనవరి 28

సున్నా. ఒకటి. సున్నా. ఒకటి. ఆ ఒకటీ ఒళ్ళోనే పడింది.

ఫిబ్రవరి 7, సోమవారం

ఇవాళ బరువు చూశారు. నాలుగు వారాలుగా చార్ట్‌లో దాదాపు సున్నాలు. బరువు మాత్రం ఒక పౌను పెరిగింది.

సోషల్ వర్కర్ తలుపు వేసి, టిష్యూ డబ్బా నా వైపు జరిపి అడిగింది. "డాక్టర్, ఈ చార్ట్ మీరే రాస్తున్నారా? అక్కడే ఉండి రాస్తున్నారా?" నా చార్టుల మీద సంతకం చూసి సర్జన్లు కత్తి పట్టుకుంటారు. ఇవాళ ఒక పాతికేళ్ళ పిల్ల నన్ను దొంగలెక్కలు రాశావా అని అడిగింది. ఏడవలేదు. టిష్యూ తీసుకోలేదు.

ఫిబ్రవరి 8

ఒక కేసు కాన్సిలయింది. మూడింటికే ఇల్లు చేరాను. ప్రోగ్రామ్ నుంచి వాణ్ణి తెచ్చే బస్సు రెండున్నరకి వస్తుంది.

హాల్లో లేరు. బాత్రూమ్ పక్కన బట్టలుతికే గదిలో డ్రైయర్ తిరుగుతోంది, లోపల బట్టల్లేవు. అత్తయ్యగారు బుట్ట బోర్లించి కూర్చున్నారు. వాడు ఒళ్ళో. ముద్దపప్పు, నెయ్యి. "ఇంకొక్కటి నా తండ్రీ... ఇది మీ నాన్నది... ఇది మీ అమ్మది." వాడు నవ్వుతున్నాడు. ఒక్క మెతుకు కింద పడలేదు. నా కళ్ళముందు ఎప్పుడూ అంత శుభ్రంగా తినలేదు. చప్పుడు నాకు వినబడకూడదని డ్రైయర్. నేను లేని ఇంట్లో కూడా నాకు భయపడి.

నెల రోజులుగా ఇదే. వాడికి ఆకలే లేదు, చెంచా ఎందుకు పట్టుకుంటాడు?

"మీరు వీడి చేతులు విరిచేస్తున్నారు" అన్నాను.

"మొన్నటిదాకా దేవుడు విరిచాడన్నావు. ఇవాళ నేనా?"

ఒళ్ళోంచి వాణ్ణి లాక్కున్నాను. లాక్కున్నాననే రాయాలి. ఇంకో మాట లేదు.

ఫిబ్రవరి 9

ఈయనతో చెప్పాను — అత్తయ్యగారిని పార్సిప్పనీలో మీ తమ్ముడి దగ్గరికి పంపించండి. రివ్యూ అయ్యేదాకా.

"అమ్మకి ఎలా చెప్పను?"

"నేను చెప్తాను."

చెప్పాను. ఆవిడ తలూపి చీరలు మడతపెట్టడం మొదలుపెట్టారు. తిడితే బాగుండేది.

ఫిబ్రవరి 12, శనివారం

ఫ్లయిట్ పదకొండింటికి. పెట్టె కార్లో పెట్టాక వంటింట్లోకి వచ్చి అడిగారు. "ఒక్క ముద్ద పెట్టి వెళ్ళనా?"

వాడి పదిహేను నిమిషాలు అప్పుడే అయిపోయాయి. ప్లేటు సింకులో ఉంది. నోరు తెరుచుకునే ఉన్నాడు.

"టైమ్ అయిపోయిందండీ" అన్నాను. కావాలనే అన్నాను. రూల్ అడ్డం పెట్టుకున్నానంతే.

ఫిబ్రవరి 13

అత్త లేని కోడలు ఉత్తమురాలు. ఉత్తమురాలి ఇంట్లో పొద్దుటి నుంచి అరుపులు. చర్చికి వెళ్ళలేదు. పదిహేను నిమిషాలు, ప్లేటు తీసెయ్యడం... పదిహేను నిమిషాలు, ప్లేటు తీసెయ్యడం. ఈయన గరాజ్‌లో కారు కడుగుతున్నారు, ఈ చలిలో.

బిడ్డ ఎంతసేపు తినకుండా ఉండగలడో నాకు తెలుసు. చదువుకున్నాను. ఆ చదువు ఇందుకు పనికొచ్చింది.

ఫిబ్రవరి 14

నోరు తెరిచాడు. ముఖం తిప్పుకున్నాను. గోడ మీద క్యాలెండర్‌ని చూస్తూ నిలబడ్డాను. ఇప్పటికి ఆ క్యాలెండర్ అంతా నాకు కంఠతా వచ్చు.

ఫిబ్రవరి 15

నాలుగు. నాలుగు చెంచాలు. పెరుగన్నం సగం మెడ మీద, సగం నోట్లో. మణికట్టు వణుకుతోంది, మోచెయ్యి బల్లకి ఆనించి, నోటినే చెంచా దగ్గరికి తెచ్చుకున్నాడు. వాడే కనిపెట్టాడు ఆ ఉపాయం. కేథీ నేర్పలేదు.

నేను చప్పట్లు కొట్టాను. వాడు చెంచా వదిలేసి బోర్డు మీద నానమ్మ గడి మీద పిడికిలి పెట్టాడు. గుద్దాడు. గుద్దుతూనే ఉన్నాడు.

ఫిబ్రవరి 16

ప్రతి పూటా అదే. ఒక చెంచా, నానమ్మ. ఒక చెంచా, నానమ్మ. టైమంతా అందులోనే పోతోంది. ఇవాళ వాడు బస్సెక్కే ముందు ఆ ఫోటో పీకేశాను. సగం చిరిగింది. చెత్తలో వేశాను. గడిలో జిగురు మరక మిగిలింది, గీకినా పోలేదు.

టీమ్‌లో ఎవరూ చెప్పలేదు ఈ పని చెయ్యమని. రాసి ఉంచుతున్నాను.

మార్చి 2

ఏడు. బోర్డు మీద చెయ్యి పెట్టట్లేదు, దేని మీదా. నీళ్ళకి కూడా.

మార్చి 19

తొమ్మిది. పార్సిప్పనీ నుంచి ఫోన్. ఈయన మాట్లాడారు. అమ్మ బానే ఉందట. పిల్లాడి గురించి అడగలేదట. అడగలేదని నాతో చెప్పాలా?

మార్చి 28, సోమవారం

రివ్యూ. పన్నెండు చెంచాలు, ఆరుగురి ముందు. పదో దానికి కేథీ లేచి నిలబడింది. ఎముకల డాక్టరు కూడా చప్పట్లు కొట్టాడు. సీటు ఇంకో ఏడాదికి ఖాయం.

"ఈ ప్రోగ్రామ్‌లో మీలాంటి తల్లిని చూడలేదు" — సోషల్ వర్కర్. ఈసారి టిష్యూ ఆవిడే తీసుకుంది.

నాకు సంతోషంగానే ఉంది. ఎందుకు కాదనాలి? వాడు రేపు నేను పోయాక కూడా తింటాడు. ఆ ఒక్కటే నాకు కావలసింది. అది సంపాదించాను.

ఏప్రిల్ 3, ఈస్టర్

బేస్‌మెంట్ భోజనాల్లో ఒక ఆంటీ పరీక్షకోసం ముద్ద పట్టుకొచ్చింది. వాడు పెదవులు బిగించి తల తిప్పేశాడు. అచ్చం నేను తిప్పుకున్నట్టే. చెంచా తీసుకుని తన ప్లేట్లోది తిన్నాడు.

"అమ్మో, ఎంత బుద్ధిమంతుడైపోయాడు" అందావిడ. ముద్ద టిష్యూలో చుట్టేసింది.

ఏప్రిల్ 9, శనివారం

జ్వరం 103. గొంతు ఎర్రగా. ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయింది. పిడికిలి చెంచా పట్టట్లేదు. పట్టించినా పడిపోతోంది.

ఏప్రిల్ 10

మంచినీళ్ళు నేను పట్టిస్తే తాగట్లేదు. చెంచా నా చేతిలో ఉంటే తీసుకోడు. గంజి, జావ, యాపిల్‌సాస్. అన్నీ పెదవుల దగ్గరే. ఈయన ప్రయత్నించారు. పాస్టర్‌గారి భార్య వచ్చి ప్రయత్నించారు. దూది తడిపి నాలుక మీద పిండుతున్నాను, గంటకోసారి. సగం ఉమ్మేస్తున్నాడు.

ఇంకొకరి చేతి నుంచి తినకూడదని రెండు నెలలు నేర్పాను. బాగా నేర్చుకున్నాడు.

ఏప్రిల్ 11, సోమవారం

పీడియాట్రీషియన్ — రేపు మధ్యాహ్నం రెండింటిలోపు ఏదో ఒకటి లోపలికి పోకపోతే అడ్మిట్ చేసి ముక్కులోంచి ట్యూబ్ వేస్తామన్నాడు. ట్యూబుకి అలవాటుపడితే మళ్ళీ నోటికి రావడం కష్టం. ఆయన చెప్పక్కర్లేదు. అలాంటి పిల్లలకి నేనే మత్తిచ్చాను.

పార్సిప్పనీకి ఫోన్ చేశాను. రెండు నెలల్లో మొదటిసారి. మరిది వాళ్ళమ్మని పిలిచాడు. చెప్పాను — జ్వరం, తినట్లేదు, తాగట్లేదు, ట్యూబ్ వేస్తారట. రేపు పొద్దున మొదటి ఫ్లయిట్‌కి టికెట్ తీస్తాను, రండి అన్నాను. మిమ్మల్ని తప్ప ఎవర్నీ దగ్గరికి రానివ్వడన్నాను. అనడానికి కష్టమైంది, అయినా అన్నాను.

తర్వాత, మెల్లగా, కోపం ఏమీ లేకుండా...

"చెంచా ఉందిగా అమ్మాయ్."

ఫోన్ పెట్టెయ్యలేదు. ఆవిడ ఊపిరి వినిపిస్తోంది. నేనూ పెట్టలేదు. చివరికి మరిది తీసుకుని, "నేను అమ్మతో మాట్లాడతాను వదినా" అన్నాడు.

ఏప్రిల్ 12, మంగళవారం

పొద్దున పది. మరిది దగ్గర్నుంచి ఏమీ లేదు. చేస్తే ఎంగేజ్.

ఇందాక వాడి పిడికిలి కదిలింది. బల్ల మీద పాకి పాకి జిగురు మరక దగ్గర ఆగింది. మార్చి నుంచి బోర్డు ముట్టుకోనివాడు. కొట్టే ఓపిక లేదు. ఊరికే పెట్టి ఉంచాడు.

ఫోటో కోసం ఇల్లంతా వెతికాం. ఆవిడ కాగితాలన్నీ ఆవిడతోనే పోయాయి. పెళ్ళి ఆల్బమ్‌లో ఉన్నారు, నల్లటి జుట్టుతో. చూపిస్తే వాడు గుర్తుపట్టలేదు. జోయెల్ ఆల్బమ్ మూడుసార్లు తిరగేశాను. పుట్టినరోజు, స్నో, చర్చి పిక్నిక్, మొదటిసారి కాళ్ళకి బ్రేసులు వేసిన రోజు. అన్నిట్లో ఆవిడ పక్కనే ఉన్నారు. ఫోటోలు తీసింది నేను. వాడి ముఖం మధ్యలోకి వచ్చేలా చూసుకున్నాను, ఆవిడని అంచులో కోసేశాను. మిగిలింది చెయ్యి. రెండు గాజులు, ముద్ద పట్టుకున్న ఐదు వేళ్ళు.

ఆ చెయ్యి కత్తిరించి గడిలో అంటించాను.

చూశాడు. చాలాసేపు చూశాడు. దాని మీద పిడికిలి పెట్టి నోరు తెరిచాడు.

ముద్దపప్పు ముందే కలిపి ఉంచాను, నెయ్యి వేసి. వేళ్ళు ఆవిడలాగే దగ్గరగా పెట్టి ముద్ద పట్టుకెళ్ళాను. గాజులు కూడా వేసుకున్నాను. నా చెయ్యి చూశాడు. ఫోటో చూశాడు. నోరు మూసేశాడు.

పదకొండున్నర. ఫోన్ ఎంగేజ్. ఈయన ఆస్పత్రికి వెళ్ళడానికి కారు బయటికి తీసి వేడి చేస్తున్నారు. కుడిచెయ్యి కడుక్కోలేదు, అన్నం ఎండిపోతోంది, ఇదంతా ఎడమచేత్తో రాస్తున్నాను. మళ్ళీ నోరు తెరిచాడు. నా వైపు కాదు. బట్టలుతికే గది వైపు.