అమ్మ అంటించిన కవరు

దూరదేశపు తోటి పరిశోధకులకు,

నమస్కారాలు. నేను పోసిన పాలిమర్ పొర నుంచి మూడు ముక్కలు కత్తిరించి పంపుతున్నాను. సాగదీసే యంత్రం మీ దగ్గరుంది కాబట్టి ఇక భారం మీదే. తెగకుండా రెండింతలు సాగితే మన రెండు ల్యాబుల ఉమ్మడి పరిశోధన ఇంకో ఏడాది నడుస్తుంది. లేకపోతే మా ప్రొఫెసర్ గారు నన్ను సీసాలు కడిగే పనికి మారుస్తానన్నారు. ఆయన వేళాకోళం ఆడే మనిషి కాదు. పదకొండుసార్లు పోసి పారేశాక వచ్చిన పొర ఇది. నా ప్రాణమంతా దీనిమీదే ఉంది.

ఇట్లు,
పొరల అమ్మాయి

తా.క.: కవరు మా అమ్మ అంటించింది. ఆవిడ ఏదీ ఊడనివ్వదు, ఏదీ పారెయ్యనివ్వదు.

*

పొరల అమ్మాయి గారికి,

మీ కవరు చేరింది. మీ ముక్క రెండింతలు కాదండీ, నాలుగింతలు సాగింది! యంత్రం పైదాకా లాగి, ఇక నా వల్ల కాదని ఆగిపోయింది. మా ల్యాబంతా చప్పట్లు. ప్రొఫెసర్లిద్దరికీ అప్పుడే రాసేశాను. మూడు శాంపిళ్లనీ కవరు మూతికే అతికించి పంపడం ఏం తెలివండీ!

ఇట్లు,
సాగదీసే అబ్బాయి

తా.క.: లోపల మడిచి పెట్టిన తెల్లకాగితాలు బాగున్నాయి. ఒకటి టీ కప్పు కింద వేసుకున్నాను.

*

అయ్యా మహానుభావా,

కొంప ముంచారు! మీరు సాగదీసింది మా అమ్మ కవరు మూసిన ముక్కల్ని. నా శాంపిళ్లు ఆ కాగితాల మడతల్లో ఉన్నాయి. మీ ఉత్తరం చదివి మా ప్రొఫెసర్ గారు నవ్వారు. ఆయన నవ్వగా చూడటం ఇదే మొదటిసారి, భయమేసింది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను? వెంటనే నా ముక్కల్ని లాగి చూడండి.

ఇట్లు,
సీసాలు కడగబోయే అమ్మాయి

తా.క.: కప్పు కింద ఉన్నదాన్ని వదిలెయ్యండి.

*

అమ్మాయి గారికి,

లాగాను. ఒకటింబావు దగ్గరే టప్పున తెగాయి. తొందరపడ్డది నేను, కాబట్టి ప్రొఫెసర్లకు నిజం రాసే బాధ్యతా నాదే. మీ జవాబు వచ్చేదాకా ఆగుతాను. ఈలోగా ఒక్క సంగతి కనుక్కోండి, మీ అమ్మగారు ఆ టేపు ఏ కొట్లో కొన్నారు?

ఇట్లు,
తలవంచుకున్న అబ్బాయి

తా.క.: ఆ కొట్టు ఆయన మన ల్యాబులో చేరతారేమో కూడా అడగండి.

*

బాబూ,

ఆశీస్సులు. నేను అమ్మాయి వాళ్లమ్మని. అది ఇంట్లో లేదు, అందుకే నేను రాస్తున్నాను. అది కొన్న టేపు కాదు నాయనా. ఏడోసారి పోసిన పొర జిగురుగా వచ్చిందని, పనికిరాదని ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో పడేసింది. నాకు మనసొప్పక తీసి దాచాను. ఆర్నెల్లుగా మా ఇంట్లో డబ్బాల మూతలూ, కుర్చీ కాలూ, అమ్మాయి కళ్లజోడూ నిలబడ్డది ఆ పొరతోనే. ఎలా పోసిందో రాసుకున్న కాగితం ఉండచుట్టి విసిరేస్తే, అదీ ఇస్త్రీ చేసి దాచాను. నీ ఉత్తరం చదివి టేపు సంగతి అడిగితే అంతా చెప్పి, ఆ కాగితం చేతికివ్వగానే నన్ను వాటేసుకుని ఏడ్చి, ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి దాని చెప్పు వేసుకుని ల్యాబుకు పరిగెత్తింది. నువ్వు ప్రొఫెసర్లకు రాసినదాంట్లో పన్నెండోసారి పోసిన పొర అన్నది కొట్టేసి, ఏడోసారి పోసినది అని దిద్దితే చాలట.

ఇట్లు,
అమ్మ

తా.క.: ఈ కవరు మూసింది ఆఖరి ముక్కతో. లాగి చూడకుండా వెనక్కి పంపు బాబూ, అమ్మాయి కళ్లజోడు మళ్లీ విరిగింది.