పన్నెండో యంత్రం

అక్టోబరు 19, శనివారం, మధ్యాహ్నం

పూజ్యురాలైన వదినకు,

నీ ఆడపడుచు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మా ఆయనా ఆరోగ్యంగానే ఉన్నాం. అక్కడ నువ్వు, అన్నయ్య, నా మేనకోడలు పిచ్చుక కులాసాగా ఉన్నారని తలచే అర్హత నాకు ఉందో లేదో గాని, తలుస్తున్నాను. వేలు కదిపితే ఫోను మోగే ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నువ్వు అనుకుంటావు. ఫోనులోనైతే నువ్వు రెండో మాటకే సరేలే, నువ్వు జాగ్రత్త అంటావు. నేనూ బతుకుజీవుడా అని పెట్టేస్తాను. కాగితం మీద ఇద్దరికీ ఆ వీలు లేదు.

మీ దగ్గర్నుంచి తిరిగి వచ్చి పదహారు రోజులైంది. వచ్చిన మర్నాడే డ్యూటీలో చేరాను. నా పనిచోటు నువ్వెప్పుడూ చూడలేదు కదా. ఆసుపత్రి అడుగున, కిటికీ లేని పొడవాటి గది. ఆపరేషన్ కత్తులూ కత్తెర్లూ ఆవిరితో శుద్ధి చేసే యంత్రాలు గోడ పొడుగునా బీరువాల్లా నిలబడి ఉంటాయి. రోజంతా తడిగుడ్డ ఇస్త్రీ చేస్తున్నట్టు వాసన. వాటిని పరీక్షించడం, బాగు చేయడం, బాగుపడనివాటిని తీసేయమని రాయడం నా ఉద్యోగం. పందొమ్మిదేళ్లుగా ఇదే పని. ఆ యంత్రాల ఎదుట నిలబడితే ఇప్పుడు నీ చెయ్యే కనిపిస్తోంది.

పిచ్చుకకు పరీక్షలు ఎలా జరిగాయో రాయి. అన్నయ్య ఇంకా కుర్చీ వెనక్కి జరిపేముందు వెనక ఎవరైనా ఉన్నారా అని అరుస్తున్నాడా? ముప్ఫయ్యేళ్లు బస్సు నడిపిన మనిషి ఇంట్లో కూడా రివర్సు గేరు మరిచిపోలేదని నువ్వు చెబుతుంటే ఆ రోజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ నీ చేతివైపు చూశాను. నువ్వు చేతిని కొంగులోకి లాక్కున్నావు. అదేమిటని నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. మూడు వారాలు మీ ఇంట్లో తిన్నాను, పడుకున్నాను. నువ్వు ఎడమచేత్తో గరిట తిప్పడం, ఎడమచేత్తో పిచ్చుకకు జడ వేయలేక దాన్నే వేసుకోమనడం చూస్తూ ఊరుకున్నాను. కాస్త కాలిందిలే, మానిపోయింది అని మొదటిరోజు నువ్వన్నదాన్ని పట్టుకుని వేలాడాను.

ఆ సభ సంగతి రాయకుండా ఉండలేను. మా ప్రవాసుల సంఘం పోయినేడాది మీ ఆసుపత్రికి పన్నెండు యంత్రాలు ఇచ్చినందుకు నన్ను వేదిక ఎక్కించారు. విదేశాల్లో ఉన్నవాళ్లం సొంతదేశం అభివృద్ధికి ఏం చేయగలం అన్న విషయం మీద ఇరవై నిమిషాలు దంచేశాను. మేం పంపుతున్నవి ఇనుప పెట్టెలు కాదు, మా గుండెలు అన్నాను. ఆ మాట విమానంలో కూర్చుని రాసుకున్నాను, వదినా. హాలంతా చప్పట్లు. వెనక తలుపు దగ్గర, దుప్పట్లు లెక్కపెట్టే గది సిబ్బంది కట్టుకునే నీలం ఏప్రన్‌తో నువ్వు నిలబడి ఉన్నావు. రెండు చేతులూ కలపలేక ఎడమ అరచేత్తో తొడ మీద తడుతున్నావు. అవి నాకోసం కొట్టిన చప్పట్లు. ఇరవై రెండేళ్లు ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసిన నర్సువి, అందులో తొమ్మిదేళ్లు ఇన్‌చార్జివి. నీకు ఆ నీలం ఏప్రన్ ఎందుకు వచ్చిందో ఆ సభలో ఒక్కరూ అనలేదు. జ్ఞాపిక పట్టుకుని ఫోటోకు నవ్వుతున్న నేను మరీ అనలేదు.

మర్నాడు మీ ఆసుపత్రి మెకానిక్, అదే మన వాల్వు బాబాయి, నన్ను వెనకవైపు స్టోరుకు తీసుకెళ్లాడు. మా గుండెలు అక్కడున్నాయి. ఎనిమిదింటి మీద పాత దుప్పట్లు కప్పి ఉన్నాయి. మీ నీళ్లలో ఉప్పెక్కువ, గొట్టాలు నెల తిరక్కుండా పూడుకుపోయాయట. మీటల మీద రాతలు మీలో ఎవరికీ రాని భాష. రబ్బరు చుట్టలు అక్కడ దొరకవు. ఆ ఎనిమిదింటి భాగాలు విప్పి మూడింటిని ఎలాగో ఆడిస్తున్నాడు. పన్నెండోదాన్ని గొలుసువేసి మూలకు నెట్టారు.

ఆయన నన్ను ఒక్క మాట తూలలేదు. చేతులు తుడుచుకుంటూ, పంపేముందు మమ్మల్ని ఒకసారి అడిగుంటే రెండు చాలునమ్మా, వాటితోపాటు పని తెలిసిన మనిషిని నాలుగు నెలలు పంపండి అని చెప్పేవాణ్ణి గదా అన్నాడు. అంతమంది చదువుకున్నవాళ్లం నాలుగేళ్లు మీటింగులు పెట్టుకున్నాం. అడగాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు నేను చుట్టాల ఇళ్లకు వెళ్తున్నానని నీకు చెప్పింది అబద్ధం. బాబాయి దగ్గరే ఉన్నాను. నాలుగో రోజు నువ్వు దుప్పట్ల బండి తోసుకుంటూ అటు వచ్చి, నూనె మరకల చీరలో నన్ను చూసి, చుట్టాలు బాగున్నారా అన్నావు. సిగ్గులోనూ నవ్వొచ్చింది. యంత్రం నడపడమెలాగో మన భాషలో రాసిన కాగితం నీకు చూపిస్తే నిలబడే చదివి, ఈ వాక్యం పూర్తయ్యేలోపు ఆవిరి చల్లారిపోతుంది, చిన్నచిన్నగా రాయి అన్నావు. నువ్వు దిద్దిన కాగితమే ఇప్పుడు గోడ మీదుంది. మరో రెండు యంత్రాలు నడిచాయి. పందొమ్మిదేళ్ల ఉద్యోగంలో, నాలుగేళ్ల సంఘసేవలో నేను దేశానికి పనికొచ్చింది ఆ తొమ్మిది రోజులేననిపిస్తుంది. అందులోనూ సగం నీది.

ఆఖరిరోజున బాబాయిని అడిగాను, వదిన చెయ్యి ఎలా కాలింది అని. ఆయన అంతా చెప్పాడు. పోయినేడాది మార్చిలో, పొద్దున్నే, సిజేరియన్ ఆపరేషనుకు పరికరాలు అందాలి. నువ్వు పన్నెండోదాని ముందు నిలబడి ఒత్తిడి చూపే ముల్లు సున్నాకు వచ్చేదాకా ఆగావు. సున్నాకు వచ్చింది. గడియ తిప్పావు. లోపల ఆవిరి అలాగే ఉంది. తలుపు విసురుగా తెరుచుకుని నీ కుడిచెయ్యి మోచేతిదాకా కాలిపోయింది. ఆ చేత్తోనే పక్కనున్న ఆయాను వెనక్కి నెట్టావట, లేకపోతే ఆమె మొహం పోయేదట. విచారణలో ముల్లు సున్నా మీదుందని నువ్వు మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదట. యంత్రం మంచిదేనని సంఘం నుంచి ఉత్తరం వచ్చిందని, తప్పు నర్సుదేనని తేల్చేశారట. నిర్లక్ష్యం అని నీ సర్వీసు పుస్తకంలో ఎక్కించి దుప్పట్ల గదికి వేశారు. బాబాయి ఒక్కడే, ఆవిడ తొందరపడే మనిషి కాదు సార్ అన్నాడట. నిన్నెవరడిగారు అన్నారట.

పోయిన ఆదివారం మా సంఘం సమావేశంలో లేచి నిలబడ్డాను. ఇక కంటైనర్లు పంపవద్దు, ముందు అక్కడివాళ్లకు ఏం కావాలో అడుగుదాం, చేతిలో పనున్నవాళ్లం వంతులవారీగా సెలవు పెట్టి వెళ్లి, నేర్పి, నేర్చుకుని వద్దాం అన్నాను. మా అధ్యక్షుడు, బాగానే ఉందమ్మా, కానీ అందులో ఫోటో ఏముంటుంది అన్నాడు. అందరూ నవ్వారు. తమాషాకే అన్నాడు గాని, నాలుగేళ్లుగా మేం చేసిందంతా ఆ మాటలో ఉంది. అయినా ఒక ఎలక్ట్రీషియను, రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే ఒకావిడ, నీళ్ల శుద్ధి కేంద్రంలో రిటైరైన ఒక పెద్దాయన పేర్లిచ్చారు. ఉప్పునీళ్ల సంగతి ఆయన చూసుకుంటానన్నాడు. ఫిబ్రవరి నుంచి మూడు నెలలు నా వంతు.

ఆ సభలో నీ పక్కన వచ్చి నిలబడనందుకు నన్ను క్షమించు. నీ చెయ్యి చూసి కూడా అడగనందుకు క్షమించు. నీ మీద పడ్డ ఆ మాట తుడిచేయించడానికి నా వంతు ప్రయత్నం చేస్తాను.

అన్నయ్యకు నమస్కారాలు. పిచ్చుకకు ముద్దులు.

ఇట్లు,
నీకు ఎదురుపడలేని
ఆడపడుచు

తా.క.: సంతకం చేసి, కవరు అంటించి, మళ్లీ చింపాను. పైన రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ చిన్న తప్పులన్నీ ఒప్పుకుంటూ పెద్దదాన్ని వాటి వెనక దాచాను.

ఆ పన్నెండో యంత్రం నా గదిలోదే. ఒత్తిడి ఉన్నా ముల్లు సున్నాకు పడిపోతోందని, గడియ విడిపోతోందని, వాడరాదు, తుక్కుకు పంపాలి అని మా రిజిస్టరులో రాసింది నేనే. ఎర్ర చీటీ అంటించిందీ నేనే. మేం పన్నెండు ఇస్తామని పేపర్లో ప్రకటించేశాం, పదకొండే దొరికాయి. కంటైనరు బయల్దేరే రోజు పొద్దున ఆ చీటీ పీకి, లెక్కలోకి ఎక్కించాను. ముల్లు మార్చుకోమని బాబాయికి రాద్దామనుకున్నాను. రాయలేదు. మరిచిపోయానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. మరుపు కాదు, వదినా. ఇక్కడి రోగులకు పనికిరానిది అక్కడివాళ్లకు చాలులే అనుకున్నాను. నా దేశం గురించి, మీ గురించి నా మనసులో ఉన్న విలువ అంతే.

విచారణలో చదివిన ఉత్తరం రాసింది కూడా నేనే. మీ ఆసుపత్రివాళ్లు ఒక నర్సుకు కాలిందని సంఘానికి రాస్తే, మావాళ్లు నిపుణురాలివి నువ్వు చెప్పు అన్నారు. యంత్రం మంచి స్థితిలో పంపాం, తొందరపడి తలుపు తీస్తే ఇలా జరుగుతుంది అని మూడు ముక్కలు రాసిచ్చాను. ఆ నర్సువి నువ్వని అప్పుడు తెలియదు. వారం తిరక్కుండా అన్నయ్య ఫోను చేసి చెప్పాడు. తెలిశాక కూడా ఆ ఉత్తరం వెనక్కి తీసుకోలేదు. అప్పుడు తెలియదన్నది మాత్రం చెప్పి, తెలిశాక ఊరుకున్నది దాచవచ్చు. దాచను.

నిన్న మా పైఅధికారికి అంతా చెప్పాను. ఉద్యోగం ఉంటుందో లేదో వచ్చే వారం తేలుస్తారు. నా చేతిరాత ఉన్న రిజిస్టరు పేజీ నకలు, నా వాంగ్మూలం ఈ ఉదయమే మీ సూపరింటెండెంటుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఇదే రోజు ఈ ఉత్తరం కూడా వేస్తున్నాను, ఆ కబురు నీకు ఇంకొకరి నోట తెలియకూడదని. నిన్ను తిరిగి థియేటర్‌కు పిలుస్తారు. నా మీద కోపంతో వెళ్లడం మానకు.

ఇది అన్నయ్యకు చదివి వినిపించాలో వద్దో నీ ఇష్టం. ఫిబ్రవరిలో నేను మీ ఇంటికి రావచ్చో లేదో ఒక్క ముక్క రాయి. రావద్దన్నా సరే, ఆసుపత్రికి మాత్రం వస్తాను. బాబాయి ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుని పని చేస్తాను.